వినికిడి మిషను బీరువాలో పెట్టి వెళ్లకండి

నాగార్జునసాగర్‌కో, పిల్లలమర్రికో కుటుంబమంతా బయలుదేరే రోజున, ఎక్కడైనా పడిపోతుందేమోనని తాతయ్యల, పిల్లల వినికిడి మిషన్లను కొందరు బీరువాలో పెట్టి వెళ్తున్నారు. ఇది సరికాదని మా అభిప్రాయం. రోడ్డు దాటేటప్పుడు లారీ హారన్, జనంలో మన పిలుపు వినబడవలసింది ఆ రోజే కదా!

మీ భయం మాకు తెలుసు. కేంద్ర ప్రభుత్వ ఎడిప్ పథకంలో ఉచితంగా ఒకసారి మిషను తీసుకుంటే మళ్లీ మూడేళ్ల వరకు, 12 ఏళ్లలోపు పిల్లలకైతే ఏడాది వరకు ఇవ్వరు.

అందుకే చెవి వెనుక మిషనుకు సన్నని దారం కట్టి, క్లిప్పుతో చొక్కాకు తగిలించండి. నీళ్లలో దిగేముందు తీసి, గట్టి మూత గల డబ్బాలో పెట్టండి. చెమటను పొడిగుడ్డతో తుడిచి, రాత్రి బ్యాటరీ మూత తెరిచి ఉంచండి. బ్యాటరీలు పసిపిల్లలకు అందనీయకండి. మింగితే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

మిషను భద్రమే, కాని దాచిపెట్టిన మిషను ఎవరికీ వినిపించదు.