దాహమునకు కొలత

గత వేసవిలో మాయింట పాలు పోయు ఆమె కోడలు మిరపకల్లమునుండి వాంతులతో, విరేచనములతో వచ్చి మా అరుగుమీద కూలబడెను. నాలుక పిడచగట్టినది, కన్నులు లోతుకు పోయినవి. మేము కంగారుపడి చెంబెడు నీళ్లు ఒక్కమారే త్రాగించితిమి. మరుక్షణమే అంతయు వాంతియయ్యెను. పది నిమిషములాగి, ఉప్పు చక్కెర కలిపిన నీరు చెంచా చెంచాగా పట్టగా కడుపున నిలిచినది. దీపాలవేళకు మూత్రము వెడలినది; మా గుండె కుదుటబడినది.

వాంతివిరేచనములతో నీరే కాదు, ఉప్పును పోవును. వట్టినీరు ఆ లోటు తీర్చదు. చక్కెర తోడైననే ప్రేవులు ఉప్పును, దానివెంట నీటిని చక్కగా పీల్చుకొనును. 1971లో పశ్చిమబెంగాలునందలి బన్‌గావ్ కాందిశీకుల శిబిరమున కలరా ప్రబలి సెలైను చాలనప్పుడు, డాక్టరు దిలీప్ మహలనబిస్ ఇట్టి నీటినే త్రాగించెను. నూటికి 30 దాకనున్న మరణములు 4కు లోపునకు దిగినవి.

ఓ.ఆర్.ఎస్. పొట్లము శ్రేష్ఠము, దానిపై వ్రాసినంత నీటిలోనే కలుపవలెను. అది లేనిచో, కాచి చల్లార్చిన 1 లీటరు నీటిలో చిన్నచెంచా అంచునకు సమముగ తీసి చక్కెర 6, మెత్తని ఉప్పు అర చెంచా కలుపుడు. ఉప్పు హెచ్చిన ప్రమాదము. చక్కెర హెచ్చిన విరేచనము పెరుగును. మరునాటికి మిగిలినది పారబోయుడు. చంటిబిడ్డకు తల్లిపాలు మానరాదు.

స్పృహ తప్పినవారి నోట నీరు పోయరాదు. మగతగానున్నను, త్రాగలేకున్నను, మూత్రము బందైనను, మలమున రక్తము పడినను, వడదెబ్బచే ఒడలు కాలి మాట తడబడినను జాగుచేయక 108కి ఫోను చేయుడు.

నేడే రెండు పొట్లములు తెప్పించి పోపులపెట్టె ప్రక్కన నుంచుకొనుడు.