కోత ఎత్తు రైతే చెప్పాలి

వరికోత మిషను వచ్చాక కూలీల కోసం ఊరూరా తిరిగే బాధ తప్పింది. వాన మబ్బు పట్టేలోపు వడ్లు కల్లానికి చేరుతున్నాయి. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా మిషను వెళ్లిపోయాక మడిలో మిగిలే కొయ్యకాళ్లతోనే. కొడవలితో కోసినప్పుడు బెత్తెడుకు మించి మోడు మిగలనిచ్చేవాళ్లం కాదు. ఇప్పుడు మోకాలెత్తు దాకా వదిలేసి, ఎండాకాలంలో బర్రెలకు గడ్డి కొనుక్కుంటున్నాం. ఐదెకరాల లోపు రైతుకు ఇది చిన్న విషయం కాదు.

కత్తి కిందికి దించమని అడిగితే డ్రైవరు చెప్పే మాట ఒకటే: "కింద రాళ్లుంటయ్, బ్లేడ్లు పోతయ్." పంజాబు నుంచి వచ్చిన డ్రైవరైతే ఆ మాట కూడా ఉండదు, చెయ్యి ఊపి ముందుకు పోతాడు. నిజానికి చాలా మిషన్లలో కత్తి ఇంకా కిందికి దిగుతుంది. దిగనివ్వనిది ఇనుము కంటే ఎక్కువగా మనం మాట్లాడుకునే బాడుగ పద్ధతి, మన మళ్ల తీరు. ఈ రెండూ చూసుకోకుండా వర్క్‌షాపులో వెల్డింగు చేయించినా గడ్డి చేతికి రాదు.

పోయేది ఎంత?

ఒక లెక్క వేసుకుందాం. ఎకరానికి 25 క్వింటాళ్ల వడ్లు పండితే గడ్డి కూడా తక్కువలో తక్కువ అంతే బరువు ఉంటుంది. అందులో మూడో వంతు కొయ్యకాళ్లలో ఉండిపోయిందనుకున్నా 8 క్వింటాళ్ల పైమాటే. బర్రె రోజుకు 7 కిలోల ఎండుగడ్డి తింటుందనుకుంటే, ఎకరంలో వదిలేసిన గడ్డి ఒక బర్రెకు దాదాపు నాలుగు నెలల మేత. పాలకేంద్రానికి రోజూ రెండు లీటర్లు పోసి ఇల్లు గడుపుకునే కుటుంబానికి ఈ నాలుగు నెలలంటే ఎంతో వేరే చెప్పనక్కర్లేదు.

అడుగున మిగిలేది పనికిరాని గడ్డి అనుకోవడం కూడా పొరపాటే. వరిలో ఆకు కంటే కాండమే పశువుకు బాగా అరుగుతుంది. ఆకులో సిలికా ఎక్కువ. మనం మడిలో వదిలేస్తున్నది ఆ కాండాన్నే.

పురుగు సంగతి ఇంకోటి. కాండం తొలిచే పురుగు (మొగి పురుగు) కోత తర్వాత కొయ్యకాళ్ల లోపలే దాక్కుని తర్వాతి పంట దాకా బతుకుతుంది. అందుకే నేలమట్టానికి కోయాలని, వెంటనే దున్నాలని వ్యవసాయ శాఖ వాళ్లు ఏళ్ల తరబడి చెబుతున్నారు. చెప్పిన మాట మంచిదే. కోసేది మనం కాదు, మిషను కదా. మిషను ఓనర్లను పిలిచి ఈ మాట చెప్పడం కూడా అంతే అవసరం.

వానాకాలం కోత నవంబరులో అయితే యాసంగి నాట్లకు ఎక్కువ రోజులు ఉండవు. నిలువెత్తు కొయ్యకాళ్లు దమ్ములో అణగవు, పైకి తేలతాయి. విసిగిపోయి అగ్గిపుల్ల గీసేస్తున్నాం. టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్ ఉంటాయి. మంటలో నత్రజని దాదాపు అంతా గాలిలో కలిసిపోతుంది. బూడిదలో మిగిలిన పొటాష్ గాలికీ నీటికీ కొట్టుకుపోతే అదీ దక్కదు. ఆ తర్వాత బస్తా లెక్కన కొని చల్లేది మళ్లీ వాటినే.

కత్తి ఎందుకు పైకి లేస్తోంది?

బాడుగ గంట లెక్కన అయితే, కిందికి కోస్తే టైము పెరిగి బిల్లు పెరుగుతుందని మనమే వెనక్కి తగ్గుతాం. ఎకరం లెక్కన అయితే టైము పెరిగిన నష్టం ఓనరుది కాబట్టి డ్రైవరు కత్తి లేపి పరుగు పెట్టిస్తాడు. ఏ లెక్కన మాట్లాడినా కత్తి పైకే పోతోంది, ఎత్తు గురించి మాట్లాడుకునేవాళ్లే లేరు.

డ్రైవరు పక్షాన కూడా న్యాయం ఉంది. కిందికి కోస్తే గడ్డి ఎక్కువగా డ్రమ్ములోకి పోతుంది. అదే వేగంతో నడిపితే జల్లెడల మీద గడ్డి మందంగా పేరుకుని, గింజ దాంతోపాటు వెనక పడిపోతుంది. డీజిలు ఎక్కువ కాలుతుంది. అందుకే కిందికి కోయాలంటే వేగం తగ్గించాల్సిందే. ఎకరానికి పావుగంట ఎక్కువ పట్టిందనుకోండి. మీ ఊళ్లో గంట బాడుగ ఎంతో మీకు తెలుసు. అందులో నాలుగో వంతు, గడ్డి ఏరి వాముకు చేర్చే ఖర్చు ఒక పక్కన పెట్టండి. 8 క్వింటాళ్ల గడ్డి ధర ఇంకో పక్కన పెట్టండి. ఏది బరువో చూసుకుని అప్పుడు నిర్ణయించుకోండి.

రెండో కారణం మడి తీరు. టైర్ల పెద్ద మిషను ముందు భాగం 12 నుంచి 14 అడుగుల వెడల్పు ఉంటుంది. అంత వెడల్పులో ఒక పక్క నాలుగంగుళాల మెరక ఉంటే, ఆ మెరకకు తగలకుండా మొత్తం కత్తిని లేపాల్సిందే. పది గుంటల మడిలో గట్టు తర్వాత గట్టు వస్తుంటే డ్రైవరు మాటిమాటికీ లేపి దించలేక ఒకే ఎత్తున వదిలేస్తాడు. చైన్ మిషను వెడల్పు తక్కువ, తిరగడానికి తేలిక. చిన్న మళ్లలో కిందికి కోయించాలంటే అదే మేలు.

మార్చదగినవి, మార్చకూడనివి

మిషను ముందు భాగం అడుగున రెండు వైపులా స్కిడ్లు, అంటే నేల మీద జారే ఇనప పలకలు ఉంటాయి. వాటికి రెండు మూడు బోల్టు రంధ్రాలు ఉంటే, స్కిడ్లను పై రంధ్రానికి మార్చి బిగిస్తే కత్తి ఆ మేరకు కిందికి వస్తుంది. ఇది స్పానరుతో అయ్యే పని. కత్తి దించినప్పుడు పైరును లోపలికి తోసే రీలును కూడా దానికి తగ్గట్టు సర్దుకోవాలి. లేదంటే కోసిన పైరు కత్తి మీదే కుప్పపడుతుంది.

అన్నిటికంటే ముఖ్యం కత్తి పదును. మూడు మూలల బ్లేడ్లు ఒక బారుకు రివెట్లతో బిగించి ఉంటాయి. ఫింగర్ల మధ్య అటూ ఇటూ మూడంగుళాల మేర ఆడుతుంటాయి. అడుగు కాండం లావుగా, పచ్చిగా ఉంటుంది. బ్లేడు మొద్దుబారినా, బ్లేడుకూ ఫింగరు పలకకూ మధ్య సందు పెరిగినా కాండం తెగదు, నలిగి వేళ్లతో సహా లేస్తుంది. అప్పుడు డ్రైవరు చేసేది ఒక్కటే, కత్తి లేపడం. పగిలిన బ్లేడ్లు, వంగిన ఫింగర్లు సీజను ముందే మార్చుకున్న మిషనుకు ఈ తిప్పలు తక్కువ.

కొందరు కత్తి బారు కింద పట్టీలు వేసి వెల్డింగుతో ఇంకా దించుతున్నారు. దీన్ని తొందరపడి చేయించకూడదు. కత్తిని ఆడించే చేయి కోణం మారితే అది విరుగుతుంది. కత్తికీ లోపలికి లాగే స్క్రూకూ మధ్య ఎడం పెరిగితే పైరు అక్కడే ఆగుతుంది. రాయి తగిలితే బ్లేడుతో పోయేది బారుదాకా వస్తుంది. కంపెనీ గ్యారంటీ కూడా పోవచ్చు.

ఇంతకంటే మేలైన దారులు లేకపోలేదు. అమెరికాలో సోయాచిక్కుడు కోతకు నేల ఎగుడుదిగుళ్లను బట్టి వంగే కత్తి బారు వాడతారు. కాయ నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి. మన శనగలో కత్తిని దించే బదులు మొక్కనే లేపారు. నంద్యాల పరిశోధనా స్థానం నుంచి వచ్చిన ఎన్‌బీఈజీ 47 (ధీర) నిటారుగా, ఎత్తుగా పెరిగి మిషను కోతకు అనువుగా ఉంటుంది. జపానులో కంకి వరకే డ్రమ్ములోకి పోయి గడ్డి చెదరకుండా బయటపడే వరికోత మిషన్లున్నాయి. పై కత్తి కంకిని కోస్తే కింద రెండో కత్తి కొయ్యకాళ్లను కోసే ఏర్పాటు కూడా ఉంది. అలా చేస్తే అడుగు గడ్డి డ్రమ్ములోకి పోయే పనే లేదు. సోయాలో, శనగలో కత్తి ఎత్తు తేడా వస్తే గింజ పోతుంది కాబట్టి అందరూ పట్టించుకున్నారు. వరిలో పోయేది గడ్డే కదా అని మన దగ్గర ఎవరికీ పట్టలేదు. చిన్నమళ్లకు సరిపడే రెండు కత్తుల మిషన్లను ఇక్కడి పొలాల్లో నడిపి చూపించాల్సిన బాధ్యత విశ్వవిద్యాలయాలది, వ్యవసాయ శాఖది.

మనం చేయాల్సింది

కోతకు పది పదిహేను రోజుల ముందే నీరు తీసేయాలి. నేల గట్టిపడకపోతే కత్తి దించగానే బురద ఎత్తుకుంటుంది. రాళ్లు, తుమ్మ మొద్దులు ఏరేయాలి. తీయలేనివి ఉంటే పక్కన ఎర్ర గుడ్డ కట్టిన కర్ర పాతాలి. పొద్దున్నే మంచు ఆరక ముందు కోయించొద్దు.

మిషను దిగాక మొదటి సాలు కాగానే ఆపించి రెండు చూడండి. ఒకటి కొయ్యకాలి ఎత్తు. రెండు, వెనక రాలిన గింజ. మిషను వెళ్లిన వెడల్పులో మూడు చోట్ల చదరపు మీటరు గీసి, గడ్డి దులిపి గింజలు లెక్కపెట్టండి. దొడ్డు రకమైతే 40 గింజలు సుమారు ఒక గ్రాము. మీటరుకు గ్రాము రాలితే ఎకరానికి 4 కిలోలు పోయినట్టు. కత్తి దించాక రాలుడు పెరిగితే కత్తి మళ్లీ లేపమనొద్దు, వేగం తగ్గించమనండి.

పశువులు లేని రైతు ఎత్తుగా కోయించుకుని కొయ్యకాళ్లను మడిలోనే కలియదున్నుకోవచ్చు. ఎకరానికి 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి దమ్ము చేస్తే త్వరగా కుళ్లుతాయి. నేలకు అదీ మంచిదే, తగలబెట్టనంత వరకు. గడ్డి పూర్తిగా తీసుకునేవాళ్లు మాత్రం పశువుల ఎరువు రూపంలో కొంతైనా మళ్లీ మడికి చేర్చాలి. ఎవరికి ఏది కావాలో ఆ రైతే తేల్చుకోవాలి. ఆ నిర్ణయం డ్రైవరు చేతిలో ఉండకూడదు.

ఒక్క రైతు అడిగితే ఓనరు వినడు, పక్క ఊరికి పోతాడు. ఒకే కాల్వ కింద పదిమంది కలిసి ముప్పై ఎకరాలు ఒకేసారి చూపిస్తే వింటాడు. బాడుగ మాట్లాడేటప్పుడే రెండు రేట్లు అడగండి, మామూలు కోతకు ఒకటి, జానెడు లోపు కోతకు ఒకటి. సర్కారు సబ్సిడీతో నడిచే యంత్రాల అద్దె కేంద్రాల్లోనూ ఈ రెండు రేట్లు బోర్డు మీద రాయించాలని మండల వ్యవసాయాధికారిని అడగాలి. ప్రజల సొమ్ముతో కొన్న మిషను చిన్న రైతు గడ్డిని పొలంలో వదిలేసి పోతుంటే ఆ సబ్సిడీ సగమే అందినట్టు.

ఈ మాటలన్నీ మిషను గట్టు దాటి మడిలో దిగకముందే అయిపోవాలి. దిగాక అడిగితే అది బతిమాలుకోవడం అవుతుంది.