మూడేళ్ల ఆదివారాలు

1903 అక్టోబరు 31. న్యూయార్క్‌లో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సమావేశం. తన వంతు రాగానే కొలంబియా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ ఫ్రాంక్ నెల్సన్ కోల్ లేచి నల్లబల్ల దగ్గరికి వెళ్లారు. 67 రెండ్లను వరసగా గుణించి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేశారు. 14,75,73,95,25,89,67,64,12,927. మొత్తం 21 అంకెలు. బల్ల రెండోవైపుకు జరిగి, 19,37,07,721ని 7,61,83,82,57,287తో గుణించడం మొదలుపెట్టారు. అంకె పొల్లుపోకుండా అదే సంఖ్య వచ్చింది. ఒక్క మాటైనా మాట్లాడకుండా వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. సభంతా చప్పట్లు! ఎంతకాలం పట్టిందని తర్వాత అడిగితే, ‘మూడేళ్ల ఆదివారాలు’ అన్నారట.

ఈ ముచ్చట చెప్పింది గణిత రచయిత ఇ.టి.బెల్. ఆయన కథలకు కాస్త రంగులద్దే మనిషి. చప్పట్ల సంగతెలా ఉన్నా గుణకారంలో మాత్రం తేడా లేదు. కాగితం, కలం, ఓ అరగంట తీరిక ఉంటే మీరూ సరిచూసుకోవచ్చు.

ఇంతకీ అంత గొప్పేమిటి? ఫ్రాన్స్‌కు చెందిన మఠవాసి మారన్ మెర్సెన్ 1644లో ఓ జాబితా ప్రకటించాడు. రెండును ఎన్నిసార్లు వేసి గుణించి ఒకటి తీసేస్తే ప్రధాన సంఖ్య వస్తుందో 257 వరకూ చెప్పాడు. అందులో 67 ఉంది. అది తప్పని 1876లో ఎడ్వర్డ్ లూకాస్ నిరూపించాడు. వింతేమిటంటే, ఆ సంఖ్య దేనితో తెగుతుందో మాత్రం ఆయనకూ తెలియదు. ఇంట్లో దొంగ ఉన్నాడని తేలింది, ఏ మూల నక్కాడో తేలలేదు. అలాగే మరో 27 ఏళ్లు గడిచాయి.

వెతకడానికి ఓ ఆనవాలుంది. ఈ సంఖ్యను భాగించే ఏ ప్రధాన సంఖ్యనైనా 134తో భాగిస్తే ఒకటే మిగలాలి. 135, 269, 403... ఇలా 134 చొప్పున మెట్లెక్కుతూ పోవాలన్నమాట. కోల్‌కు దొరికిన చిన్న సంఖ్య ఉన్నది 14,45,580వ మెట్టు మీద! ఆయన అన్ని మెట్లూ ఎక్కలేదు. వర్గశేషాల సాయంతో పనికిరానివాటిని గుంపులు గుంపులుగా ఏరేశారు. అయినా అదంతా చేతిలెక్కే. మూడేళ్లంటే 156 ఆదివారాలు. వాటిలో ఎన్ని కాగితాలు చిత్తుబుట్టలోకి పోయాయో!

ఇవాళ ఆ పని కంప్యూటర్‌కు రెప్పపాటు. కానీ చిక్కు అలాగే ఉంది. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించడం తేలిక, వచ్చినదాన్ని మళ్లీ విడదీయడం గగనం. ఇంటర్నెట్‌లో మన రహస్యాలకు వేసే తాళాల్లో ఒకటైన ఆర్‌ఎస్‌ఏ పద్ధతి 1977లో పుట్టింది ఈ కష్టం మీదే. 250 అంకెల ఆర్‌ఎస్‌ఏ సంఖ్యను 2020లో విడదీశారు. వేల కంప్యూటర్లు కలిసి చేశాయి కాబట్టి నెలల్లో అయింది. ఒక్క ప్రాసెసర్ కోర్‌కే అప్పగిస్తే దాదాపు 2,700 ఏళ్లు పట్టేది.

అదే వరసలో 617 అంకెలతో ఆర్‌ఎస్‌ఏ-2048 ఉంది. దాని కారణాంకాలు రాయడానికి ఇంకా ఎవరూ నల్లబల్ల దగ్గరికి రాలేదు.