పిల్ల చేపల లెక్క

రాబోయే ఏళ్లలో ఒక జాతి చేప ఎంత దొరుకుతుందన్నది తల్లి చేపల సంఖ్య కన్నా, ఆ ఏడు పుట్టి బతికి బట్టకట్టిన పిల్లల మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. నార్వే శాస్త్రవేత్త యోహాన్ యోర్ట్ 1914లో ఈ సంగతి చూపాడు: 1904లో పుట్టిన హెర్రింగ్ చేపల తరం ఒక్కటే ఆ తర్వాత ఏళ్ల తరబడి నార్వే వలలను నింపింది.

ఈ పిల్లల లెక్క కోసం సర్వే ఓడ ముందే గీసుకున్న దారుల్లో సాగుతూ నీటిలోకి ధ్వని తరంగాలు పంపుతుంది. తిరిగివచ్చే ప్రతిధ్వని బలాన్ని బట్టి గుంపు ఎంతో అంచనా కడతారు. ప్రతిధ్వని ఒక్కటే జాతినీ వయసునూ తేల్చలేదు. అందుకే సన్నకన్ను వల వేసి, పడిన చేపల పొడవు కొలుస్తారు. తలలోని చెవిరాళ్ల మీది వలయాలు చూసి వయసు తేలుస్తారు. చాలా జాతుల పిల్లలు పెరిగేది తీరానికి ఆనుకున్న లోతులేని నీళ్లలో, పెద్ద ఓడ వెళ్లలేని చోట. ఈ లోటును సరిదిద్దని అంచనా నమ్మదగింది కాదు.

పిల్లల లెక్క వేటను ఎలా నిర్ణయిస్తుందో పెరూ చూపుతుంది. అక్కడ ఆంకోవెటా అనే చేప 12 సెంటీమీటర్లలోపు ఉంటే పిల్ల చేప కిందే లెక్క. 2023లో గుంపుల్లో పిల్లలే ఎక్కువగా కనబడటంతో ఉత్తర, మధ్య తీరంలో ఆ ఏటి మొదటి వేట కాలాన్నే రద్దు చేశారు. మత్స్యకారులకు నష్టం చిన్నదేమీ కాదు. అయినా అది సరైన నిర్ణయం.

ఆంధ్ర తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం అమల్లో ఉంటుంది. ఆ విరామం తర్వాత పిల్లలు ఎన్ని నిలిచాయో ఏటా కొలిచి, ఆ అంకెలను మత్స్యకార గ్రామాలకు తెలుగులో అందించాలి.