కంప్యూటర్ గది తాళం గురించి నా మాట

గోడపత్రికకి కథ గాని పాట గాని ఇమ్మన్నారు. నేను మాత్రం కంప్యూటర్ల గురించి రాస్తున్నాను. ఎందుకంటే పది రోజులుగా ఆ గదికి తాళం వేసి ఉన్నది. అడిగితే "కొత్తది ఎక్కించినాక చెడిపోయినాయి, ఎవరో వచ్చి చూడాలి" అంటున్నారు. అవి చెడిపోలేదని నా అభిప్రాయం. ఎట్టాగో చెప్తాను, ఓపికగా చదవండి.

ముందు ఆరో తరగతి చెల్లెళ్ల కోసం అసలు సంగతి. మన కంప్యూటర్లలో 2020 నాటి ఉబుంటు ఉండేది. దానికి మామూలుగా అయిదేళ్లే మరమ్మతులు పంపుతారు. 2025తో ఆ గడువు అయిపోయింది. కొత్త ఉబుంటు వేద్దామంటే మన పాత పెట్టెలు మోయలేవు. అందుకని లినక్స్ మింట్ ఎక్కించినారు, అందులోనూ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం. రెండూ లినక్సే. లినక్సును 1991లో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే కాలేజీ విద్యార్థి మొదలుపెట్టినాడు. ఎవరైనా తీసుకొని మార్చుకోవచ్చు కాబట్టి దాంతో డెబియన్ చేసినారు, డెబియన్ నుంచి ఉబుంటు, ఉబుంటు నుంచి మింట్ వచ్చినాయి. అవ్వ, అమ్మ, కూతురు అనుకోండి. ఉబుంటుకి జంతువుల పేర్లు పెడతారు. మింటుకి మాత్రం ప్రతిసారీ ఆడపిల్ల పేరే. 2006లో మొదటిదాని పేరు అడా. 22వ దాని పేరు విల్మా. ఇది నాకు భలే నచ్చింది.

మరి గొడవ ఏంది? కొత్త ఇంట్లో ఉప్పు డబ్బా వెతుక్కున్నట్టు ఉంది మన పని. "పాతదే బాగుంది" అని మన క్లాసులో సగం మంది అంటున్నారు. ఆరో తరగతిలో ఉబుంటు చూసి, ఎడమ పక్కన ఈ బొమ్మల వరస ఏందని నవ్వింది కూడా మనమే.

ఎక్కించడానికి వచ్చిన అన్న పక్కన నిలబడి నేను చూసినాను, అడిగినాను. తర్వాత గది తెరిచి ఉన్న నాలుగు రోజులు మేం కొందరం చేసి చూసినాం. మూడో కంప్యూటర్లో సాయంత్రం 4 గంటలకు రాత్రి 9:30 చూపిస్తుంది. అందరూ దెయ్యం పట్టిందన్నారు. తేడా సరిగ్గా అయిదున్నర గంటలు. గ్రీనిచ్ కంటే మన టైము అంతే ముందని సోషల్లో చదివినాం గదా! ఆ పెట్టెలో విండోస్ కూడా ఉంది. విండోస్ లోపలి గడియారంలో మన టైమే పెడుతుంది. లినక్స్ దాన్ని గ్రీనిచ్ టైము అనుకొని అయిదున్నర కలుపుతుంది. ఇంటర్నెట్ ఉంటే తనే దిద్దుకుంటుంది, మనకి ఉండే రోజులు తక్కువ. లోపలి గడియారంలో ఉన్నది మన టైమేనని ఒక్క వరస ఆజ్ఞ కొడితే సరిపోతుంది. ఆ వరస నా నోటుబుక్కులో ఉంది. ఆరో కంప్యూటరు సంగతి వేరు. కరెంటు పోయి వస్తే ఎప్పటిదో పాత సంవత్సరం చూపిస్తుంది. అది లినక్స్ పని కాదు, లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయింది. బ్యాటరీ మారిస్తే చాలు.

సౌండు సంగతి ఇంకా తేలిక. పాఠం వీడియోలో టీచరమ్మ నోరు కదుపుతుంది, మాట రాదు. మాటను స్పీకర్లకు కాకుండా తెరకు పోయే తీగలోకి పంపుతుంది. కింద మూల స్పీకరు బొమ్మ నొక్కి స్పీకర్లు ఎంచుకుంటే వస్తుంది.

తెలుగు మాత్రం తేలిక సంగతి కాదు. "తెలుగు పోయింది" అని అందరూ అన్నారు. పోలేదు, కలపలేదు. సెట్టింగ్స్‌లో కీబోర్డు, అందులో లేఅవుట్. అక్కడ సిస్టమ్ ఇచ్చిందే వాడు అనే మీట ఆపి, ఇండియా కింద తెలుగు కలపాలి. ఇంగ్లీషు నుంచి తెలుగుకి మారే మీటలు కూడా అక్కడే ఎంచుకోవాలి. అది ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు. అచ్చులు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి. డి మీట నొక్కితే పొల్లు, షిఫ్టుతో నొక్కితే అ. "అమ్మ" అని రావాలంటే షిఫ్టు డి, సి, డి, సి. నాలుగు దెబ్బలు, అంతే. పోతన అనే అక్షరాలు పాతదాంట్లో ఉన్నాయి, కొత్తదాంట్లో వేయలేదు. అందుకని మన సైన్సు పేజీలు పొడుగైపోయినాయి. పోతన, వేమన అక్షరాలు తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసి ఉచితంగా ఇచ్చినవి. ఒకరోజు ఇంటర్నెట్ ఉంటే మింట్ లోంచే దించుకోవచ్చు.

ఇదంతా ఎందుకు ఇంత పట్టుగా రాస్తున్నానంటే, మాది దోర్నాల అడవి వైపు చెంచు గూడెం. మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదలు. మా వాళ్లు అర్జీ పెట్టాలంటే బస్సెక్కి పోయి, టైపుకి డబ్బులిచ్చి, చదవకుండానే వేలిముద్ర వేసి వస్తారు. అందులో ఏం రాసినారో వాళ్లకి తెలియదు. అట్టాంటి ఒక అర్జీని పెన్‌డ్రైవులో తెచ్చి ఇక్కడ తెరిస్తే అన్నీ పిచ్చి గుర్తులు. ఇది మింటు తప్పు కాదు, ఉబుంటులోనూ అంతే. పాత డీటీపీ అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల జాగాలో తెలుగు బొమ్మలు పెడతాయి. ఆ ఫాంటు లేనిచోట ఇంగ్లీషు గుర్తులే మిగుల్తాయి. యూనికోడులో 1991 నుంచే తెలుగుకి సొంత జాగా ఉంది. అట్టా టైపు చేస్తే యాడైనా తెరుచుకుంటుంది. ఆ టైపు నాకు రావాలి. మా ఊళ్లో కంప్యూటరు లేదు. ఈ గదే నాకు దిక్కు.

వార్డెన్ మేడమ్ గారి భయం నాకు అర్థమవుతుంది. కంప్యూటర్లు స్టాకు రిజిస్టరులో ఉంటాయి, పోతే సంతకం పెట్టినవాళ్లే జవాబు చెప్పాలి. కానీ లినక్సులో పిల్లలకి వేరే ఖాతా ఇవ్వవచ్చు. అందులో మా కీబోర్డు, మా సౌండు మేం మార్చుకుంటాం. కొత్తవి ఎక్కించాలన్నా, గడియారం దిద్దాలన్నా పాస్‌వర్డు అడుగుతుంది. అది టీచర్ దగ్గరే ఉండనివ్వండి. కేరళ హైస్కూళ్లలో 2018 నుంచి లిటిల్ కైట్స్ అని పిల్లల క్లబ్బులు ఉన్నాయి. వాటిలో హార్డ్‌వేరు, సొంత భాషలో టైపు కూడా నేర్పుతారు. అక్కడి బడుల్లో నడిచేది లినక్సే. వాళ్లూ మన ఈడు పిల్లలే.

ఇంకొక మాట. ఈసారి ఏది మార్చినా ముందు పెన్‌డ్రైవు నుంచి నడిపి మాకు చూపించండి. లోపలిది ఏదీ చెరగదు, ఆపేస్తే మార్కాపురం పలక తుడిచినట్టు పోతుంది. తెలుగు వస్తుందా, మాట వస్తుందా, ప్రింటు వస్తుందా అని అప్పుడే చూసుకోవచ్చు. ఎక్కించినాక ఏడ్చేదేముంది?

నేను అడిగేది శనివారం సాయంత్రం రెండు గంటలు. టీచర్ ఒకరు కూర్చుంటే చాలు. ఎవరికి ఏ ఇబ్బంది వచ్చింది, ఎట్టా పోయింది అని తెలుగులో రాయడానికి ఒక పుస్తకం గదిలో దారంతో కట్టి పెడదాం. తొమ్మిదో తరగతి నుంచి నలుగురం ఒప్పుకున్నాం. పుస్తకం నేను తెస్తాను. నూరు పేజీలది, అట్ట వేసి ఉంది. గడియారం ఆజ్ఞ మొదటి పేజీలో రాసేసినాను.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని