బెత్తం పోయింది సరే, బాధ్యత ఎక్కడ?

ఈ కాలపు పిల్లలకు భయం లేదు, బాధ్యత అసలే లేదు అని ఉపాధ్యాయులు వాపోవడం పరిపాటి అయింది. పట్టణాల్లో ఈ మాటకు ఎంత బలం ఉందో గానీ, అల్లూరి సీతారామరాజు జిల్లా జి.మాడుగుల వంటి మన్యం మండలంలో మాత్రం ఇది నిలవదు. కొండ గూడేల్లో ఎనిమిదేళ్ళ పిల్ల తమ్ముణ్ణి చంకనేసుకుని ఊట దగ్గరి నుంచి నీళ్ళు తెస్తుంది. పదేళ్ళవాడు మేకలను కొండకు తోలుకెళ్ళి, పొద్దు వాలేసరికి లెక్క తప్పకుండా ఇంటికి తెస్తాడు. ఒక్కటి తగ్గినా తండ్రికి జవాబు చెప్పుకోవాలి. అలాంటి పిల్లవాణ్ణి ఆశ్రమ పాఠశాలలో చేర్చుకుని, గంట కొడితే లేవడం, గంట కొడితే తినడం తప్ప మరే పనీ అప్పగించకుండా ఉంచి, ఆపైన వీడికి బాధ్యత తెలియదని అనడం ఎంతవరకు న్యాయం?

భాష సంగతి కూడా ఉంది. పాడేరు ఏజెన్సీలో చాలా ఇళ్ళలో కువి గానీ, ఆదివాసీ ఒరియా గానీ మాట్లాడతారు. పంతులుగారి తెలుగు అర్థంకాక మౌనంగా నిలబడిన పిల్లవాడు 'మొండివాడు' అవుతాడు, పక్కవాణ్ణి అడిగినవాడు 'అల్లరివాడు' అవుతాడు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల బోధన మొదలైనప్పుడు వాటిలో ఈ రెండు భాషలూ ఉన్నాయి. ఆ భాషలో నాలుగు మాటలు నేర్చుకున్న ఉపాధ్యాయుడికి తరగతిలో సగం గొడవ తగ్గుతుంది.

ఇక బెత్తం మాట. ఉమ్మడి రాష్ట్రంలో 2002లోనే బడుల్లో కొట్టడాన్ని నిషేధించారు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బలతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి ముగిసేదాకా ఏ పిల్లవాణ్ణీ బడి నుంచి వెళ్ళగొట్టరాదు. కాబట్టి 'పేరు కొట్టేస్తాను' అన్న బెదిరింపు కూడా చెల్లదు. అయితే 2012 సవరణ మదర్సాలను, వేద పాఠశాలలను ఈ చట్టం పరిధి నుంచి తప్పించింది. చట్టం మన గుమ్మం దగ్గర ఆగిపోయిందని మక్తబ్‌లో బెత్తం చేతపట్టే ఉస్తాదులు ఇబ్ను ఖల్దూన్‌ను ఒకసారి తిరగేయాలి. 1377లో రాసిన 'ముఖద్దిమా'లో ఆయన విద్యార్థులపై కాఠిన్యం హానికరమని చెప్పడానికి ఒక అధ్యాయమే కేటాయించారు. దెబ్బల కింద పెరిగిన పిల్లవాడు బద్ధకం, అబద్ధం, మోసం నేర్చుకుంటాడని, లోపల ఒకటి పెట్టుకుని పైకి మరొకటి నటించడం వాడికి స్వభావమైపోతుందని ఆయన వాదన. ఆరున్నర శతాబ్దాలు గడిచినా మన తల్లిదండ్రులు పిల్లవాణ్ణి తెచ్చి 'గోష్త్ ఆప్‌కా, హడ్డీ హమారీ' అంటూనే ఉన్నారు, మనం వింటూనే ఉన్నాం.

కొట్టకపోతే సరిపోతుందా? సరిపోదు. బెత్తం తీసేసిన చోట ఏదో ఒకటి పెట్టాలి. చాలా బడుల్లో పెట్టింది ఏమిటంటే, తరగతి లీడరు. పంతులుగారు బయటికి వెళ్ళగానే మాట్లాడినవారి పేర్లు బోర్డు మీద రాయడం వాడి ఉద్యోగం. దీనివల్ల ఒకడికి చాడీలు చెప్పడం, మిగతావారికి వాడిని మంచి చేసుకోవడం అలవాటవుతుంది. దీన్ని బాధ్యత అనలేం. పిల్లలచేత పంతులుగారి బట్టలు ఉతికించడం, సామాన్లు మోయించడం అంతకన్నా అన్యాయం.

అమానత్ అంటే ఏమిటో మన పాఠకులకు చెప్పనక్కరలేదు. గ్రంథాలయ పుస్తకాల లెక్క ఒకరికి, పెరటి కూరగాయల మడి ఇద్దరికి, జ్వరంతో పడుకున్న తోటివాడికి ఆనాటి పాఠం చెప్పే పని మరొకరికి అప్పగించాలి. నెలకోసారి మార్చాలి. నెలాఖరున వారు తరగతి ముందు నిలబడి లెక్క చెప్పాలి. పుస్తకం చిరిగితే చింపినవాడే జిగురుతో అతికించాలి. ఇందులో ఉపాధ్యాయుడి లెక్క కూడా ఉండాలి. సెలవుకు ఊరెళ్ళి సోమవారం మధ్యాహ్నానికి బడి చేరే పెద్దమనిషి వేళ గురించి ఎంత బోధించినా పిల్లలు నవ్వుకుంటారు, పైకి నవ్వరు అంతే.

చైత్రంలో ఇటుకల పండుగ వస్తుంది. పిల్లలు గూడేలకు వెళ్ళిపోతారు, చెప్పిన రోజుకు తిరిగి రారు. ప్రతి ఏటా జరిగేదే, ప్రతి ఏటా తిట్లే. ఈసారి వెళ్ళేముందే ఒక్కొక్కణ్ణి పిలిచి, తిరిగివచ్చే తేదీని వాడిచేతనే వాడి దస్తూరీతో హాజరు పట్టీ పక్కన రాయించి చూడండి. రాకపోతే ఎందుకు రాలేదో వాడే చెబుతాడు, వాడి భాషలోనైనా సరే.