ఒక లెన్స్, మూడు చట్రాలు

స్విండన్‌లో రైల్వే విలేజ్ వీధులు ఇరుకైనవి. గ్రేట్ వెస్టర్న్ రైల్వే 1840లలో తన కార్మికుల కోసం కట్టించిన ఆ రాతి ఇళ్ల వరుసను ఒక్క ఫొటోలో పట్టాలంటే 28 మిల్లీమీటర్ల లెన్స్ కావాలి. గుమ్మంలో నిలబడ్డ మనిషిని తీయాలంటే 50 మేలు. రేంజ్‌ఫైండర్ కెమెరా వాడేవారికి ఇక్కడే సందేహం వస్తుంది. రెండు మూడు లెన్సులు వెంట ఉంచుకోవాలా, లేక లైకా 1998లో తెచ్చిన ట్రై-ఎల్మార్ ఒక్కటి చాలా?

ట్రై-ఎల్మార్‌ను జూమ్ అనలేం. 28, 35, 50 అనే మూడు మెట్ల దగ్గరే అది పనిచేస్తుంది. ఇది లోపంలా తోచినా, రేంజ్‌ఫైండర్ స్వభావం తెలిసినవారు దీన్ని సమర్థిస్తారు. ఈ కెమెరాలో మనం లెన్స్ గుండా చూడం, పక్కనున్న చిన్న కిటికీలోంచి చూస్తాం. లెన్స్ ఏదైనా ఆ దృశ్యం పెరగదు, తరగదు. అందులో కనిపించే ఫ్రేమ్ గీతలే మారతాయి. రింగు తిప్పగానే తగిన గీతలు వాటంతటవే రావడం, దూరం కొలిచే యంత్రాంగం మూడు చోట్లా సరిగ్గా కుదరడం ఈ లెన్స్‌లోని అసలు పనితనం. కాంటాక్స్ జీ2లో ఫైండర్ కూడా జూమ్ అవుతుంది, నిజమే. కానీ అది ఆటోఫోకస్ కెమెరా, దాని దారి వేరు.

వాన తుంపర్ల మధ్య లెన్స్ విప్పి మార్చే అవసరం తప్పడం చిన్న లాభం కాదు. డిజిటల్ కెమెరా అయితే సెన్సర్ మీద దుమ్ము పడే భయమూ తగ్గుతుంది.

అయితే ఇదంతా పగటి మాట. మూడు చోట్లా దీని గరిష్ఠ అపర్చర్ ఎఫ్/4 మాత్రమే. స్టీమ్ మ్యూజియంలో కెయర్‌ఫిలీ కాసిల్ ఇంజను దగ్గర, ఐఎస్‌ఓ 400 ఫిల్ముతో ఎఫ్/2 వద్ద 1/60 సెకను దొరికే వెలుతురులో, ఎఫ్/4 వద్ద 1/15కి దిగాలి. కదలని ఇంజనుకైతే ఊపిరి బిగబట్టి నెట్టుకురావచ్చు. మనవాళ్లు హాలు అద్దెకు తీసుకుని ఉగాది చేసుకుంటే, వేదిక మీద ఆడే పిల్లలకు అది కుదరదు. డిజిటల్‌లో ఐఎస్‌ఓ పెంచి కొంత సర్దుకోవచ్చు గానీ, మనిషి వెనకనున్న కుర్చీల గజిబిజిని మసకబార్చే వీలు ఎఫ్/4లో తక్కువే. పైగా మీటరు కంటే దగ్గరికి ఫోకస్ కాదు. పచ్చడి గిన్నె చుట్టూ చేరిన చేతులను దగ్గరగా తీయాలనుకునేవారికి ఈ హద్దు అడ్డే. లెన్స్ పొడవు కూడా ఫైండర్‌లో ఒక మూలను కొంత కప్పేస్తుంది. అది 28 చట్రంలో మరీ తెలుస్తుంది. కళ్లద్దాలు ఉన్నవారికి ఆ చట్రం అంచులు అసలే కష్టం.

అలవాటు సంగతి ఇంకా క్లిష్టం. ఒకే ఫోకల్ లెంగ్త్‌తో ఏళ్లు గడిపితే కెమెరా ఎత్తకముందే చట్రం కంటికి తెలుస్తుందని ఒక వాదం. చేతిలో రింగు ఉంటే రెండడుగులు ముందుకు వేయడానికి బద్ధకిస్తామనీ, దాంతో దృష్టికోణమే మారిపోతుందనీ అలా వాదించేవారు అంటారు. ఈ మాటలో బలముందని నా నమ్మకం. కానీ మూడే మెట్లు కాబట్టి ఇక్కడా ఒక నియమం ఉంది, ఏ చట్రమో ముందే నిర్ణయించుకోక తప్పదు. ఇరుకు వీధిలో వెనక్కి జరగడానికి గోడ ఒప్పుకోకపోతే అడుగుల సిద్ధాంతం నిలవదు కూడా.

కొనకముందు చేయదగ్గ పని ఒకటుంది. చాలా లైకా ఎమ్ కెమెరాలకు ముందు భాగంలో ఒక చిన్న మీట ఉంటుంది. దాన్ని కదిపితే, బిగించిన లెన్స్ ఏదైనా వేరే చట్రాలు కనిపిస్తాయి. కొన్నాళ్లు 35 లెన్స్‌తోనే తీస్తూ, ఆ మీటతో మిగతా చట్రాలు ఎంత తరచుగా అవసరమనిపిస్తున్నాయో గమనించవచ్చు. అరుదుగానైతే ట్రై-ఎల్మార్ ఖర్చు దండగే కావచ్చు. తరచుగానైతే పగటికి దాన్ని కెమెరాకు బిగించి, చీకటి పడ్డాక వాడుకోవడానికి ఎఫ్/2 లెన్స్ ఒకటి జేబులో ఉంచుకోవడం నాకు సబబుగా తోస్తుంది. ఒక్క లెన్స్ అనుకున్నది రెండవుతుంది, నిజమే, కానీ నాలుగు కాదు. 1954 నాటి ఎమ్3 ఉన్నవారికి మాత్రం ఈ సలహా వర్తించదు. దాని ఫైండర్‌లో 28, 35 గీతలే లేవు.

ఈ లెన్స్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది కనుక పాతదే కొనాలి. ఓల్డ్ టౌన్‌లోని క్రైస్ట్ చర్చ్ శిఖరం లాంటి దూరపు గురిని ఎంచుకుని, లెన్స్‌ను అనంతం మీద పెట్టి, మూడు మెట్ల దగ్గరా ఫైండర్‌లోని జంట బింబాలు ఒకటవుతున్నాయో లేదో చూడాలి. ఏ ఒక్క మెట్టు దగ్గర తప్పినా, మరమ్మతు ఎవరు చేయగలరో, ఎంత అవుతుందో తెలిశాకే బేరం మాట్లాడాలి.